మట్టి మనది కాదు... పిల్లిది!

వీధిలో ఎవరైనా ఇల్లు మొదలుపెట్టి ఓ లారీ ఇసుక దింపించారనుకోండి. మేస్త్రీ కంటే ముందు అక్కడికి చేరేది పిల్లే! ముందుకాళ్లతో చిన్న గొయ్యి తీస్తుంది. పని కానిస్తుంది. మళ్లీ ఇసుక కప్పి, ఒకసారి వాసన చూసి, ఏమీ ఎరగనట్టు గోడ దూకి వెళ్లిపోతుంది. పొద్దున్నే ఇసుక జల్లెడ పట్టేవాళ్ల చేతికి అది తగిలినప్పుడు వినిపించే దీవెనలు వేరే సంగతి.

పెరడూ ఇసుక కుప్పా అందుబాటులో ఉన్నంతకాలం పిల్లి మరుగుదొడ్డి గురించి మనకు ఆలోచించే అవసరమే రాలేదు. ఇప్పుడు పిల్లి కూడా అపార్ట్‌మెంటు ఎక్కేసింది. బాల్కనీకి వల, గుమ్మానికి గొళ్లెం. పాపం, దానికి మిగిలిన నేలంతా ఓ మూలన ప్లాస్టిక్ ట్రేలో మనం పోసే నాలుగు గుప్పిళ్ల మట్టే. దాన్నే లిట్టర్ అంటున్నాం. కొందామని దుకాణానికి వెళితే బోలెడు రకాలు. మట్టిది, గాజుపలుకుల్లాంటిది, సోయాది, చెక్కపొట్టుది... లావెండర్ వాసనది, నిమ్మ వాసనది, కాఫీ వాసనది కూడా! అందులో ఏది మంచిది?

చాలామంది సంచి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, బాగున్నది ఎంచుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. కొనేది మనమే అయినా కూర్చునేది పిల్లి కదా! దానికి నచ్చకపోతే ట్రే మానేసి పరుపు మీదో, ఉతికిన బట్టల మీదో, సోఫా వెనకో చోటు వెతుక్కుంటుంది. ‘బుద్ధిలేని పిల్లి’ అన్న పేరు పడుతుంది. కొన్ని ఇళ్లల్లో ఆ కథ గోనెసంచిలో వేసి ఊరి చివర వదిలిపెట్టడంతో ముగుస్తుంది. ఆకలిదప్పులతో మాడిపోయే పరిస్థితిలో జంతువును అలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇంత దూరం రాకుండా చూసుకోవడం పెద్ద పనేం కాదు. పిల్లికి ఏం కావాలో తెలుసుకుంటే చాలు.

ఎడారి నుంచి వచ్చిన అలవాటు

ఇంటి పిల్లి పూర్వీకులు ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా పొడినేలల్లో తిరిగిన అడవి పిల్లులు. కాలి కింద మెత్తటి పొడిమన్ను ఉండాలి, తవ్వితే తేలిగ్గా రావాలి, కప్పితే కప్పబడాలి. వేల ఏళ్లు గడిచినా పిల్లి పాదానికి ఆ జ్ఞాపకం పోలేదు. తన వాసన శత్రువుకు తెలియకుండా కప్పిపెట్టడం దాని జాగ్రత్త. అందుకే పిల్లికూనకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాలుగైదు వారాల వయసు రాగానే మన్ను చూపిస్తే తనే తవ్వుకుంటుంది.

ఇందులోంచే మనకు రెండు సూత్రాలు దొరుకుతాయి. మొదటిది, రేణువు సన్నగా ఉండాలి. పిల్లుల ముందు రకరకాల లిట్టర్లు పెట్టి చూసిన పరిశోధనల్లో ఎక్కువ పిల్లులు సన్నటి ఇసుకలాంటి, ఉండకట్టే మట్టివైపే మొగ్గాయి. రెండోది, పరిమళం ఉండకూడదు. మన ముక్కుకు హాయిగా తోచే లావెండర్, మనకంటే ఎన్నో రెట్లు చురుకైన ముక్కున్న ప్రాణికి తల తిరిగే ఘాటు. మూత ఉన్న ట్రేలో ఆ ఘాటు మరీ ఎక్కువ.

ముల్తానీ మట్టికి చుట్టం

ఈ లిట్టర్ పుట్టుక చిత్రమైన కథ. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కాసోపోలిస్ అనే చిన్న ఊళ్లో ఎడ్వర్డ్ లోవ్ అనే యువకుడు ఉండేవాడు. కర్మాగారాల్లో నేలమీద ఒలికిన నూనెను పీల్చే మట్టీ రంపపు పొట్టూ అమ్మడం వాళ్ల వ్యాపారం. చలికాలంలో ఓ రోజు పొరుగింటావిడ వచ్చి ‘పిల్లి కోసం కాస్త ఇసుక ఉంటే పెట్టు’ అని అడిగింది. అంతవరకూ ఆవిడ బూడిద వాడుతోంది. పిల్లి ఇల్లంతా బూడిద అడుగులు వేస్తోంది మరి! లోవ్ ఇసుకకు బదులు తన దగ్గరున్న ఎండు మట్టిపలుకులు ఇచ్చాడు. ఆవిడకు తెగ నచ్చేశాయి. ఐదేసి పౌన్ల సంచుల్లో నింపి ‘కిటీ లిట్టర్’ అని రాసి, 65 సెంట్ల ధరతో దుకాణానికి పట్టుకెళ్లాడు. మట్టికి డబ్బులెవరిస్తారని దుకాణదారు నవ్వాడు. ‘అయితే ఉచితంగా ఇవ్వండి’ అన్నాడు లోవ్. పట్టుకెళ్లినవాళ్లు డబ్బిచ్చి మరీ కొనడానికి తిరిగొచ్చారు.

ఆ మట్టి మనకు కొత్తదేం కాదు. ఇంగ్లిష్‌లో దాన్ని ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. మన ఆడపిల్లలు రోజ్‌వాటర్‌తో కలిపి మొహానికి పట్టించే ముల్తానీ మట్టి ఆ కుటుంబంలోదే. జిడ్డును పీల్చే గుణమే రెండుచోట్లా పనికొచ్చింది.

1980ల్లో ఇంకో మలుపు. థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త బెంటొనైట్ మట్టిని లిట్టర్‌గా వాడి చూశాడు. ఇది తడి తగలగానే ఉబ్బి గట్టి ఉండ కడుతుంది. ఆ ఉండను తీసి పారేస్తే మిగతా మట్టి పొడిగా ఉంటుంది. మన దేశంలో ఈ బెంటొనైట్ గుజరాత్‌లోని కచ్‌లో విస్తారంగా దొరుకుతుంది. వంతెనల పునాదులకు లోతుగా గుంతలు తవ్వేటప్పుడు గోడలు కూలకుండా పోసే బురద కూడా దీంతో చేసిందే.

ఏ సంచిలో ఏముంది?

బెంటొనైట్: ఎక్కువ పిల్లులకు నచ్చేది ఇదే. రోజూ ఉండలు తీసేసి, తగ్గినంత కొత్తది పోస్తే చాలు. బరువెక్కువ. నాసిరకం అయితే దుమ్ము లేస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ సంగతి చూసుకోవాలి. సంచిలోంచి ట్రేలోకి పోసేటప్పుడే తెలిసిపోతుంది. పొగలా లేచిందంటే ఆ రకం మానెయ్యండి.

ఉండకట్టని మట్టి: ధర తక్కువగా కనిపిస్తుంది. కానీ మూత్రం అడుగుకు దిగి నిలిచిపోతుంది కాబట్టి తరచూ మొత్తం పారబోయాలి. నెలాఖరుకు లెక్కేస్తే చవకేం కాదు. లిట్టర్ ఖరీదును కిలోకు ఇంత అని కాదు, నెలకు ఇంత అని లెక్కగట్టాలి.

సిలికా జెల్: కొత్త చెప్పుల పెట్టెలో చిన్న పొట్లంలో ఉంటుందే, అదే పదార్థం. తేలిక. తేమను బాగా పీలుస్తుంది. కానీ పలుకులు గుచ్చుకున్నట్టుంటాయని కొన్ని పిల్లులు అడుగే పెట్టవు. పైగా ఇది గాలిలోని తేమనూ పీల్చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం వచ్చిందంటే పిల్లి వాడకముందే సగం నిండిపోతుంది!

టోఫు లిట్టర్: సోయాపాలు తీశాక మిగిలిన పిప్పితో చేసిన పుల్లలు. దుమ్ము తక్కువ. పొడవాటి పుల్లలు కాబట్టి కొన్నిటికి కాలికింద కొత్తగా ఉంటుంది. తిండి పదార్థమే కాబట్టి చీమలు పట్టకుండా, ముసురు రోజుల్లో బూజు రాకుండా గట్టి మూత ఉన్న డబ్బాలో దాచాలి.

చెక్కపొట్టు గుళికలు: తడిస్తే పొట్టుగా విడిపోతాయి. వాసనను బాగానే ఆపుతాయి. గుళికలు లావుగా ఉంటాయి కనుక చిన్నప్పటినుంచీ అలవాటైన పిల్లికి సరే. వయసు మళ్లి కీళ్లనొప్పులున్న పిల్లికి వాటిమీద నిలబడటం కష్టం.

ఒక్క జాగ్రత్త. నాలుగు నెలల లోపు కూనలకు ఉండకట్టే మట్టి వద్దు. చంటిపిల్లలు మన్ను తిన్నట్టే అవీ దేన్నైనా నోట్లో పెట్టుకుంటాయి. కడుపులో ఉబ్బి గడ్డకట్టే మట్టి ప్రమాదం. వాటికి ఉండకట్టని మట్టో, కాగితం గుళికలో మేలు. ఆపరేషన్ అయి కుట్లున్న పిల్లికి కూడా కాగితమే మంచిది. పుండుకు మట్టి అంటుకోదు.

ఇంట్లో దొరికేవి పనికిరావా?

వస్తాయి, కొన్ని. ఇసుక పిల్లికి ఇష్టమే కానీ తడిని పీల్చదు. మూత్రం కిందికి దిగి కంపు కొడుతుంది. రోజూ మొత్తం మార్చే ఓపిక ఉంటేనే పెట్టుకోవాలి. కొబ్బరి పీచు పొట్టు నర్సరీల్లో దొరుకుతుంది. తడిని బాగా పీలుస్తుంది, కాకపోతే పిల్లి కాళ్లకు అంటుకుని ఇల్లంతా గోధుమరంగు అడుగులు. ధాన్యపు ఊక తేలిక, చవక. కానీ నీటిని తొందరగా పీల్చదు. రంపపు మిల్లు పొట్టు తెచ్చుకునేవాళ్లు అది ముడిచెక్కదేనా అని అడిగి తెచ్చుకోవాలి. ప్లైవుడ్ కోసిన పొడిలో జిగురు రసాయనాలుంటాయి.

పొయ్యి బూడిద మాత్రం వద్దు. బూడిదకు తడి తగిలితే క్షారమవుతుంది. ఒకప్పుడు అంట్లు జిడ్డు వదిలి తళతళలాడింది అందుకే. అదే క్షారం పిల్లి పాదాలను మండిస్తుంది. పాదాలు నాకి శుభ్రం చేసుకునే జంతువు కనుక నోరూ పొక్కుతుంది.

పరీక్ష పెట్టాల్సింది దానికే

ఇన్ని చదివాక కూడా ఏది కొనాలన్న సందేహం తీరలేదా? తేలికైన పద్ధతి ఒకటుంది. ఒకేలాంటి రెండు ట్రేలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఒక రకం, ఇంకోదాంట్లో ఇంకో రకం పోయండి. వారం రోజులు చూడండి. దేంట్లో ఎక్కువసార్లు వెళ్లిందో అదే మీ ఇంటి లిట్టర్. మధ్యమధ్య ట్రేల చోట్లు మార్చండి. లేకపోతే మట్టి నచ్చిందో, మూల నచ్చిందో తెలియదు.

నచ్చకపోతే పిల్లి నోరు తెరిచి చెప్పదు కానీ కాళ్లతో చెబుతుంది. ట్రే అంచు మీద నిలబడి పని కానివ్వడం, కాలు విదిలించడం, మట్టిని వదిలేసి పక్కగోడను గోకడం, కప్పకుండా ఒక్క దూకు దూకి పారిపోవడం... ఇవన్నీ ఫిర్యాదులే. రకం మార్చాలంటే ఒక్కరోజులో మార్చెయ్యకండి. పాతదాంట్లో కొత్తది పావు వంతు కలపండి, రెండు మూడు రోజులకోసారి పెంచుతూ పోండి. పది రోజుల్లో పూర్తిగా మారిపోవచ్చు.

మట్టి ఎంత మంచిదైనా ట్రే చిన్నదైతే లాభంలేదు. ముక్కు నుంచి తోక మొదలు వరకు పిల్లి పొడవెంతో దానికి ఒకటిన్నర రెట్లు ట్రే ఉండాలి. దుకాణంలో ముచ్చటగా కనిపించే బుల్లి ట్రే పెరిగిన పిల్లికి చాలదు. వెడల్పాటి బట్టల టబ్బు తెచ్చి ఒకవైపు అంచు కిందికి కోసినా సరిపోతుంది. మట్టి రెండు మూడు అంగుళాల మందం చాలు. ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండు పిల్లులకు మూడు అన్నది పశువైద్యులు చెప్పే లెక్క.

చోటు కూడా చూడాలి. గడగడలాడే వాషింగ్ మెషీన్ పక్కన వద్దు. అన్నం గిన్నె పక్కన అసలే వద్దు. బాత్‌రూంలో పెట్టి తలుపు వేసేస్తే పిల్లి ఎక్కడికి పోతుంది చెప్పండి?

పిల్లి మెడలో గంట కట్టడం తేలికే... ట్రే శుభ్రం చేసేదెవరన్నదే చాలా ఇళ్లలో తేలని ప్రశ్న. బూరెలు తీసే చిల్లుల గరిటె లాంటి స్కూప్ దొరుకుతుంది. దాంతో రోజుకు రెండుసార్లు, కనీసం ఒక్కసారైనా ఉండలు తీసెయ్యాలి. రెండు నిమిషాల పని. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చాకే ముక్కు పగిలే కంపు మొదలవుతుంది. వాటికి ఆ వ్యవధి ఇవ్వకపోతే వాసనే ఉండదు. పరిమళం లిట్టర్‌తో పనీ ఉండదు.

ఫినాయిలు సీసా పక్కన పెట్టండి

మనకు శుభ్రం అనగానే గుర్తొచ్చేది ఫినాయిలు. పిల్లి ఉన్న ఇంట్లో దాన్ని మరిచిపోవడమే మంచిది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నల్ల ఫినాయిలు, నీళ్లలో పోస్తే తెల్లగా పాలలా మారే క్రిమిసంహారకాలు పాదాలకు అంటుకుని, నాకినప్పుడు కడుపులోకి పోతాయి. కంపు రాకుండా మూలన పడేసే కలరా ఉండలు కూడా విషమే. బ్లీచింగ్ పౌడర్ అయితే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరాడనివ్వని వాయువు పుట్టిస్తుంది. అది మనకూ ప్రమాదమే. ట్రే కడగడానికి వేడినీళ్లు, కాస్త అంట్ల సబ్బు చాలు. కడిగి ఎండలో ఆరబెట్టండి.

తీసిన ఉండలను కాగితంలోనో కవరులోనో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి. టాయ్‌లెట్‌లో వేసి నీళ్లు కొట్టకండి. పునాది గుంతల్లో గోడల్ని నిలబెట్టే మట్టి మీ పైపులో ఉబ్బితే ఏమవుతుందో ప్లంబరు వచ్చాక తెలుస్తుంది! టోఫు సంచి మీద ‘ఫ్లష్ చెయ్యవచ్చు’ అని రాసినా మలం మాత్రం వెయ్యకపోవడమే మంచిది. అందులో ఉండే ఒక పరాన్నజీవి గుడ్లు మురుగునీటి శుద్ధికి కూడా లొంగకుండా బతికిపోగలవు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కల మరణాలకు ఈ పరాన్నజీవితో సంబంధం ఉన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. అందుకే కరివేపాకు చెట్టుకూ కూరగాయల కుండీలకూ ఈ ఎరువు వెయ్యవద్దు.

ట్రే చెప్పే ఆరోగ్యం

ఉండకట్టే మట్టికి మరో లాభం ఉంది. రోజుకు ఎన్ని ఉండలు, ఎంత పెద్దవి అన్నది కొన్నాళ్లకు మీకే లెక్క తెలిసిపోతుంది. ఆ లెక్క మారితే పిల్లికి ఏదో తేడా చేసినట్టే. ముసలి పిల్లి ట్రేలో ఉండలు పెద్దవీ ఎక్కువా అవుతుంటే మూత్రపిండాల జబ్బో మధుమేహమో కావచ్చు.

ఇంకొకటి చాలా ముఖ్యం. మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి, కూర్చుని, అరుస్తూ, చుక్క కూడా పడకుండా తిరిగొస్తుంటే అది మలబద్ధకమని ఆముదం తాగించకండి. మగపిల్లి మూత్రనాళం సన్నం. అందులో అడ్డు పడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రైనా సరే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాల్సిందే.

ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే...

కోడలు నెల తప్పింది. ఇంట్లో పెద్దవాళ్లు మొదట అనే మాట ‘ఆ పిల్లిని బయటికి పంపించెయ్యండి’. వాళ్ల భయం ఉత్త భయం కాదు. ఇందాక చెప్పిన పరాన్నజీవి పేరు టాక్సోప్లాస్మా. గర్భిణికి మొదటిసారి సోకితే బిడ్డకు హాని జరగవచ్చు. అది పిల్లి మలంలో వస్తుందన్నదీ నిజమే.

అయితే పూర్తి నిజం ఇంకా ఉంది. పిల్లి సాధారణంగా తనకు మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటే ఆ గుడ్లను విసర్జిస్తుంది. పచ్చిమాంసం తినకుండా, ఎలుకలు పట్టకుండా ఇంట్లోనే పెరిగే పిల్లికి అది సోకే అవకాశమే తక్కువ. విసర్జించిన గుడ్లు కూడా వెంటనే ఎవరికీ అంటవు. అంటే శక్తి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే... ప్రతిరోజూ తప్పకుండా ట్రే శుభ్రం చేసే ఇంట్లో ప్రమాదం చాలావరకు ట్రేలోనే ఆగిపోతుంది! పిల్లిని నిమిరినంత మాత్రాన సోకే జబ్బు కాదిది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టిలో పనిచేసి కడుక్కోని చేతులు... వీటి గురించి భయపడాల్సింది ఎక్కువ.

కాబట్టి చెయ్యాల్సింది ఇదీ. ఆ తొమ్మిది నెలలూ ట్రే పని భర్తో, అత్తగారో, మరిదో తీసుకోవాలి. ఎవరూ లేకపోతే చేతికి తొడుగులు వేసుకుని, రోజూ తీసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లికి పచ్చిమాంసం పెట్టవద్దు. వీధిలోకి వదలవద్దు. కొత్త పిల్లిని ఆ సమయంలో తేవద్దు. మిగతా సందేహాలుంటే ప్రసూతి డాక్టరునే అడగండి. ఏళ్ల తరబడి ఆ కోడలి ఒళ్లో పడుకున్న పిల్లిని గోనెసంచిలో కట్టాల్సిన పని మాత్రం లేదు. రోజుకు రెండు నిమిషాలు గరిటె పట్టుకునే చెయ్యి ఒకటి ఇంట్లో ఉంటే చాలు.